బండ మీద నిమ్మరసం పోసిన పాపను ఏం చదివించాలి?

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. మా ఆయన నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తారు. పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి. సైన్సులో నూటికి అరవై దాటడం లేదు. ఇంట్లో మాత్రం ఊరుకోదు. మొన్న వాకిట్లో బండ మీద నిమ్మకాయ పిండి, నురగ ఎందుకొచ్చిందని కనిపించిన వాళ్లనల్లా అడిగింది. వచ్చే ఏడాది ఐఐటీ ఫౌండేషన్ ఉన్న ప్రైవేటు హాస్టల్‌లో వేయమని బంధువులు అంటున్నారు. అప్పు చేయాల్సి వస్తుంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, కడప జిల్లా

జవాబు: అమ్మా, ఆ అప్పు చేయొద్దు. పాపను ఉన్న బడిలోనే ఉంచండి.

ముందు ఆ నురగ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. నాపరాయి అంటే సున్నపురాయి. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ వాయువు బయటికొస్తుంది, పాప చూసిన బుడగలు అవే. వంటింటి బండ మీద చింతపండు పులుసు ఒలికితే పాలిష్ పోయి మచ్చ పడేది కూడా ఇందుకే. ఆ మచ్చల గురించి వాళ్ల నాన్నకు మనందరికంటే ఎక్కువ తెలుసు, ఆయన్నే చెప్పమనండి. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలనూ ఇలా పులుపే తొలిచింది. కార్బన్ డయాక్సైడ్ కలిసి కొంచెం పులుపెక్కిన నీరు లక్షల ఏళ్లపాటు సున్నపురాయిని కరిగిస్తూ పోయింది. మీ చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీల్లో అదే రాయిని బట్టీలో కాలుస్తారు, అప్పుడూ ఆ వాయువే పోయి సున్నం మిగులుతుంది. పాఠంలో ఆమ్లాలు, క్షారాలు అని చదివేది ఇదంతానే.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా సైన్సు క్లాసులో పిల్లలు నేర్చుకోవాల్సిన అసలు పని ఇదే: చూడటం, కొలవడం, ఒక్కటి మార్చి మిగతావి అలాగే ఉంచి తేడా గమనించడం. పన్నెండేళ్ల పిల్లకు ఇది వదిలేసి, పెద్ద క్లాసుల సూత్రాలు బట్టీ పట్టించి బిట్లు చేయిస్తే, ఇంటర్‌కి వచ్చేసరికి సైన్సంటేనే విసుగొచ్చిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. ఎంపీసీనా, బైపీసీనా అన్నది పదో తరగతి తర్వాతి మాట. ఇప్పుడు తేల్చక్కర్లేదు.

పాపకు ఒక నోట్‌బుక్ కొనివ్వండి. బండ పొడి కొంచెం తీసి ఐదు గ్లాసుల్లో సమానంగా వేయమనండి. ఒక్కోదాంట్లో నిమ్మరసం, చింతపండు రసం, పుల్లటి మజ్జిగ, సబ్బు నీళ్లు, మంచినీళ్లు అంతే కొలతతో పోయాలి. ఎందులో నురగ వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏం జరుగుతుందని ముందు అనుకుంది, ఏం జరిగింది: అన్నీ సొంత మాటల్లో రాయాలి. బాత్రూమ్ యాసిడ్ జోలికి మాత్రం పోనివ్వొద్దు. బల్బులతో ఆడితే టార్చి సెల్స్ వరకే, ఇంటి కరెంటుతో వద్దు.

మార్కుల గురించి టెన్షన్ పడే ముందు జవాబు పత్రాలు చూడండి. ఇలాంటి పిల్లలు చాలాసార్లు విషయం తెలిసీ ఒక్క ముక్కలో రాసేసి వస్తారు. నోట్‌బుక్ రాసే అలవాటైతే అది చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది. ప్రైవేటు బడిలో వేస్తే పాప ఈ అవకాశం పోగొట్టుకుంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించకూడదు, ఏడో తరగతిలో 55 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆ పరీక్షలో సైన్సు నుంచే 35 ప్రశ్నలు, మరో 90 రీజనింగ్‌వి. ఈ వేసవి నుంచే పాత పేపర్లు చేయిస్తే చాలు, దానికి హాస్టల్ అక్కర్లేదు.

ముందుముందు దారులూ ఉన్నాయి. ఆసక్తి ఇలాగే నిలిస్తే కెమిస్ట్రీ డిగ్రీతో సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో రాయి నాణ్యత పరీక్షించే ఉద్యోగాలు, జియాలజీ (రాళ్లు, భూమి పొరల శాస్త్రం)లో ఎమ్మెస్సీ చేస్తే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష, మట్టి మీద మనసు పోతే అగ్రికల్చర్ బీఎస్సీ. ఇంజినీరింగ్ కావాలంటే పదో తరగతి మార్కులతో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈ వారంలో ఒకసారి బడికి వెళ్లి సైన్సు టీచరుతో మాట్లాడండి. పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్‌కు ఆలోచనలు పంపేది బడి తరఫునే, ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తారు. పాప నోట్‌బుక్ పట్టుకెళ్లి చూపించి, ఈసారి మా అమ్మాయి పేరు కూడా పరిశీలించమని అడగండి.