సుంకి ఘాట్‌లో నిలబడి చెప్పమంటే, నా ఓటు అంబాసిడర్‌కే

"ఇప్పటిదాకా తయారైన కార్లలో అన్నిటికన్నా మంచిది, నమ్మకమైనది ఏది?" అని అడిగారు. ఈ ప్రశ్న ఎవరు అడిగినా కొరోల్లా అని ఒకరు, ల్యాండ్ క్రూజర్ అని ఇంకొకరు లేస్తారు. కాస్త ఎక్కువ చదివినవాళ్ళు పాత మెర్సిడెస్ డబ్ల్యూ123 అంటారు. న్యూయార్క్ వైపు ఒకాయన 1966లో కొన్న వోల్వోని 30 లక్షల మైళ్ళు తిప్పాడు కదా అంటారు. అన్నీ నిజమే. కొరోల్లాలు 5 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి, దాన్ని కాదనడానికి నేనెవర్ని? కానీ ఆ వోల్వో ఆయన వేళకి ఆయిల్ మారుస్తూ అమెరికా రోడ్ల మీద తిప్పాడు. ఆంధ్రలోని సాలూరు నుంచి ఒడిశాలోని పొట్టంగికి, ఈ సుంకి ఘాట్ రోడ్డు మీద పదిమందిని ఎక్కించుకుని ఎక్కమనండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా, జయపురం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అందుకే మా పెళ్ళిళ్ళు, చావులు, బట్టల కొనుగోళ్ళు అన్నిటికీ ఘాట్ దిగాల్సిందే. దిగాక ఇంకో తంటా. బండి మీద ఓడీ 10 అనే కొరాపుట్ నంబరు చూసి ఒడియానో హిందీయో మొదలుపెడతారు. తెలుగులో జవాబిస్తే "తెలుగు బాగా నేర్చుకున్నారండీ" అని మెచ్చుకుంటారు! సరే, ఆ గొడవ ఇంకోసారి.

1994 వేసవిలో మా అత్తయ్య తమ్ముడి పెళ్ళి బొబ్బిలిలో. మావయ్యది డీజిల్ అంబాసిడర్, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు ఉండే రకం. పెద్దవాళ్ళు, పిల్లలు, డిక్కీలో అరిసెల డబ్బాలు, కాళ్ళ కింద కొబ్బరికాయలు. మావయ్యకి సాలూరులో తెలిసిన బంకు, అక్కడ ఖాతా. అందుకని జయపురంలో గానీ సిమిలిగుడలో గానీ డీజిల్ పోయించలేదు. "ఘాట్ అంతా దిగుడే కదా, అదే వెళ్ళిపోద్ది" అన్నాడు. సుంకి ఇంకా రాకముందే, చిన్న ఎగుడు దగ్గర, ట్యాంకు ఎండిపోయి బండి ఆగింది.

ఖాళీగా దిగుతున్న సాలూరు లారీ ఒకటి ఆగింది. తెలియనివాళ్ళకి చెప్తున్నా, సాలూరంటే లారీల ఊరు. అక్కడ ఇంటికో డ్రైవరో ఓనరో ఉంటాడు. "ఆడోళ్ళతోటి ఇక్కడ ఆపీసేరేటి బావూ?" అంటూ దిగి, తన ట్యాంకులోంచి పైపు పెట్టి డబ్బాడు డీజిల్ లాగి ఇచ్చాడు. పోశాం. సెల్ఫ్ కొడితే తిరుగుతోందే తప్ప అందుకోదు. "ఎయిర్ పట్టీసింది" అని, అంటే డీజిల్ పైపుల్లోకి గాలి చేరిందని, లారీ క్లీనర్ గుంటడు ఓ పానా పట్టుకొచ్చాడు. వాడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. కారు బానెట్ ఎత్తడం అదే మొదటిసారి అన్నాడు.

ఫిల్టర్ మీది నట్టు సగం వదులు చేసి, పంపు పక్కనున్న చిన్న మీటని వేలితో ఆడిస్తుంటే డీజిల్ నురగనురగగా పొంగింది. బుడగలు పోయి నిండు ధార వచ్చేదాకా ఆడించి నట్టు బిగించాడు. తర్వాత ఇంజెక్టర్లకు, అంటే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవాటికి, పోయే పైపుల నట్లు వదులు చేసి, "కొట్టండి" అన్నాడు. మావయ్య సెల్ఫ్ కొడుతున్నాడు, వాడు ఒక్కో నట్టు దగ్గరా డీజిల్ చిమ్మగానే బిగించుకుంటూ పోతున్నాడు. ఆఖరిది బిగించకముందే ఇంజిన్ దడదడమని అందుకుంది. వెనకాల తెల్లటి పొగ, ఆ పొగలో మా అత్తయ్య తిట్లు. మావయ్య డబ్బులివ్వబోతే లారీవాళ్ళు తీసుకోలేదు గానీ, అరిసెలు మాత్రం వద్దనలేదు. ముహూర్తానికి బొబ్బిలిలో ఉన్నాం.

డీజిల్ అయిపోతే అది బండి గొప్పతనం ఎలా అవుతుంది అంటారా? అక్కడే ఉంది విషయం. ఆగని బండి ప్రపంచంలో లేదు. ఆగినచోట, దారినపోయే వాడి చేత్తో లేస్తుందా లేదా, నేను చూసేది అదే. మొన్నామధ్య మా బావమరిది కొత్త డీజిల్ బండి (కంపెనీ పేరు చెప్పను) అదే ఘాట్ ఎక్కుతుంటే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. ఇంజిన్ బాగానే తిరుగుతోంది, బండి మాత్రం ఎంత తొక్కినా ఎద్దుబండిలా పోతోంది. సిమిలిగుడ మిస్త్రీ బానెట్ ఎత్తి, లోపలున్న ప్లాస్టిక్ మూతని కాసేపు చూసి, మళ్ళీ దించేశాడు. "దీనికి ల్యాప్‌టాప్ కావాలి బాబూ" అన్నాడు. విశాఖపట్నం దాకా ఇంకో బండి మీద ఎక్కించి పంపారు. టెన్షన్‌తో పాటు బిల్లు అదనం. చెడిపోయింది ఏమిటయ్యా అంటే వేలెడంత సెన్సార్.

అంబాసిడర్‌లో సెన్సార్లా, పాడా? ఇంగ్లండ్ వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు తెచ్చి, బెంగాల్లో ఉత్తరపరా ఫ్యాక్టరీలో 1950ల చివర మొదలుపెట్టి, 2014 మే దాకా చేశారు. ఇన్నేళ్ళూ ఆకారం పెద్దగా మార్చలేదని అందరూ వెక్కిరించేవారు. ఆ మార్చకపోవడమే మా పాలిట వరం. ఒక తరం మిస్త్రీ నేర్చుకున్నది తర్వాతి తరం శిష్యుడికీ పనికొచ్చింది. ఆ డీజిల్ ఇంజిన్ 1489 సీసీ, 40 హార్స్‌పవర్ కూడా లేదు. బలం తక్కువే, స్టీరింగ్ బరువే. జబ్బలు నొప్పెట్టేవి. అయితే ఏంటి?

మారుతి 800 వాళ్ళు కొట్లాటకి వస్తారని తెలుసు. 1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాకా తయారైన బండి, పార్టులు కిళ్ళీకొట్టులో కూడా దొరుకుతాయేమో అనిపించేది. రెండో స్థానం ఇస్తాను, పట్టుకుపొండి. పదిమందిని ఎక్కించి చూపిస్తే మొదటి స్థానం గురించి ఆలోచిస్తా.

ఇప్పుడు అంబాసిడర్ కొనాలా అని మాత్రం అడక్కండి, కొనొద్దు. దాని మిస్త్రీలు ముసలివాళ్ళయ్యారు, వాళ్ళ పిల్లలు మొబైల్ షాపులు పెట్టుకున్నారు. 2017లో ఆ పేరుని ఫ్రాన్స్ ప్యూజో కంపెనీకి 80 కోట్లకి అమ్మేశారు కూడా. "అంబాసిడర్ మళ్ళీ వస్తోంది" అని ఏడాదికోసారి వాట్సాప్‌లో తిరిగే ఆ బొమ్మ నాకు పంపకండి. మా కొండల్లో తిరగడానికి కొత్తది కావాలంటే బొలేరో చూడండి. కొనేముందు షోరూముకి కాదు, మీ ఊరి మిస్త్రీ దగ్గరికి వెళ్ళి, దాని క్లచ్ ప్లేటు తన దగ్గర ఉందో లేదో కనుక్కోండి. లేదంటే ఎన్ని రోజుల్లో తెప్పిస్తాడో అదీ అడగండి.