బండి నంబరు కూడితే 9 రావాలి: ఒక సిరీస్‌లో అలాంటివి ఎన్ని ఉంటాయి?

భీమవరంలో కొత్త కారు కొంటున్నారు, నాలుగంకెలూ కూడితే 9 రావాలని ఇంట్లో పట్టు. అలాంటి నంబర్లు ఒక సిరీస్‌లో ఎన్ని ఉంటాయి, వాటిలో ఏ అంకే రెండోసారి రానివి ఎన్ని అని కదా మీరు అడిగింది.

మొదటిదానికి జవాబు 1111. సిరీస్ 0001 నుంచి 9999 దాకా నడుస్తుంది. అంకెలు కూడి, వచ్చినదాన్ని మళ్లీ కూడి ఒక్కంకెకు తెస్తే 9 రావాలంటే ఆ సంఖ్య 9తో నిశ్శేషంగా భాగించబడాలి. 9999ని 9తో భాగిస్తే 1111.

చాలామంది ఇక్కడ 1000 అంటారు. మొదటి మూడు అంకెలు మన ఇష్టం, అది 1000 రకాలు, నాలుగోది దానంతటదే తేలిపోతుంది అన్నది వాళ్ల లెక్క. 786 పెట్టుకుంటే 7+8+6=21, అంటే 3; చివర 6 రాక తప్పదు, 7866. ఇంతవరకు నిజమే. కానీ మొదటి మూడే 9కి సరిపోతే? 4, 5, 0 తీసుకోండి: చివర 0 పెట్టినా 9 వస్తుంది, 9 పెట్టినా వస్తుంది. 4500, 4509 రెండూ పనికొస్తాయి. 000 నుంచి 999 లోపు ఇలా రెండు దారులున్నవి 112. 1000కి 112 కలిపి, బండికి ఇవ్వని 0000ని తీసేస్తే మళ్లీ అదే 1111.

నంబరుకు ముందుండే కోడ్‌ను, అంటే ఏపీ 39లోని 39ని, కూడా కలిపి చూసేవాళ్లుంటారు. మీ ఇంట్లో ఏ పద్ధతో ముందే అడిగి తెలుసుకోండి, నంబరు తీసుకున్నాక గొడవ పడేది దీని దగ్గరే. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 మొదలుపెట్టారు. 3+9=12, అంటే 3. కాబట్టి మొత్తం 9 కావాలంటే నాలుగంకెలకు 6 రావాలి. పాత పశ్చిమ గోదావరి 37 అయితే 10, అంటే 1. అప్పుడు నాలుగంకెలకు 8 రావాలి, చాలామంది వద్దనుకునే 8. తూర్పు గోదావరి 05కి 4. అక్షరాలకు విలువలు కట్టి కలిపినా పద్ధతి ఇదే. ఏ అంకె కావాలన్నా దొరికే నంబర్లు మాత్రం 1111కి తగ్గవు, పెరగవు. 9999ని 1 నుంచి 9 దాకా తొమ్మిది అంకెలూ సమంగా పంచుకుంటాయి.

ఇక అంకె తిరగని నంబర్లు. మొత్తం మీద అవి 10×9×8×7=5040. స్కూల్ పుస్తకంలో ఇదే ప్రశ్నకు 4536 అని ఉంటుంది, ఎందుకంటే అక్కడ సున్నాతో మొదలైతే నాలుగంకెల సంఖ్య కాదు. ప్లేటు మీద 0126 చక్కగా చెల్లుతుంది. అందుకే ఇక్కడ 5040 తీసుకోవాలి.

వీటిలో 9 వచ్చేవి ఎన్ని? నాలుగు వేర్వేరు అంకెల మొత్తం 6కి తగ్గదు, 30 దాటదు. కనుక 9, 18, 27 మాత్రమే చూడాలి. 9 వచ్చే గుంపులు మూడే: 0126, 0135, 0234. ప్రతి అంకెనూ 9లోంచి తీసేస్తే 27 వచ్చేవి దొరుకుతాయి: 9873, 9864, 9765. 18 వచ్చేవాటిని చిన్న అంకెను బట్టి లెక్కపెడితే ఒకటీ జారిపోదు. 0తో 7 గుంపులు, 1తో 6, 2తో 4, 3తో ఒక్కటే (3456). వెరసి 18. మొత్తం 24 గుంపులు, ఒక్కోదాన్ని 24 రకాలుగా మార్చి పేర్చొచ్చు, 576 నంబర్లు.

24తో గుణించడం అంకె తిరిగినప్పుడు పనికిరాదు. 0, 2, 2, 5 తీసుకుంటే రెండు 2లనూ అటూ ఇటూ మార్చినా నంబరు అదే కదా, అందుకని 12 మాత్రమే: 0225, 0252, 0522, 2025, 2052, 2205, 2250, 2502, 2520, 5022, 5202, 5220. అంకె మూడుసార్లు వస్తే 4.

సిరీస్ ఇప్పుడు 4360 దగ్గర నడుస్తోందనుకోండి. 4+3+6+0=13, అంటే 4; 9కి ఇంకా 5 కావాలి. వచ్చే 9 నంబరు 4365, అక్కడి నుంచి తొమ్మిదేసి కలుపుకుంటూ 4374, 4383. చివరిదాకా మిగిలినవి 627 (1111లోంచి 4359 దాకా అయిపోయిన 484 తీసేయాలి). నచ్చిన నంబరుకు పోటీ పడితే వేలంలోకి వెళ్తుంది. ఈ వరసలోంచే నాలుగైదు రాసి పెట్టుకుని కూర్చోండి.

చూపుతోనే సరిచూడాలంటే 9లనూ, కూడితే 9 వచ్చే జతలనూ కొట్టేయండి. 7245లో 7, 2 పోతాయి, 4, 5 పోతాయి, ఏమీ మిగల్లేదు, అది 9. 7246లో ఒక జత పోయాక 4, 6 మిగిలి 10, అంటే 1.