పాత బిలియర్డ్స్ సామాను అసలుదో కాదో నేనైతే ఇలా చూస్తాను

ప్రశ్న: "బెజవాడలో ఒక పాత సామాన్ల షాపులో బిలియర్డ్స్ బంతులు, స్కోరుబోర్డు చూశాను. బ్రిటిష్ కాలం నాటివని, బంతులు ఏనుగు దంతమని చెబుతున్నారు. నమ్మవచ్చా? ఎలా గుర్తుపట్టాలి?"

ముందు షాపతను చెప్పే కథ పక్కన పెట్టండి. ఈ సామాను ఎక్కడ దొరికినా ఎవరో ఒక జమీందారు గారి బంగళా నుంచే వచ్చి ఉంటుంది. వీళ్లు చెప్పేవన్నీ నిజమైతే మన జమీందార్లు శిస్తు వసూలు మానేసి పొద్దస్తమానం బిలియర్డ్సే ఆడి ఉండాలి.

మా నాన్న గుంటూరులో ఒక క్లబ్బులో మార్కర్‌గా చేసేవారు. స్కోరు చెప్పడం, బోర్డు మీద పాయింట్లు జరపడం, క్యూలకు, అంటే బంతిని కొట్టే కర్రలకు, తోలు టిప్పులు అంటించడం అన్నీ మార్కర్ పనులే. అందుకే నాకు పేరు, రంగు, మెరుపు పట్టవు. వస్తువు వాడకంలో ఎక్కడ అరగాలో అక్కడ అరిగిందా అన్నదే చూస్తాను. నిపుణులు ఇంకేమైనా చెప్పనివ్వండి, నాకు ఇంతకు మించిన పరీక్ష లేదు.

మా బావ మొగల్రాజపురంలో కాఫీ షాపు పెడుతూ గోడకు తగిలించడానికి ఇలాంటి స్కోరుబోర్డే ఒకటి బేరం చేశాడు. "ఒక్కసారి వచ్చి చూడు బావా" అంటే వెళ్లాను. షాపతను బోర్డు దించి, "ప్లేటు చూడండి సార్, లండన్ సరుకు" అన్నాడు. ఇత్తడి ప్లేటు మీద బరోస్ అండ్ వాట్స్ అని ఉంది. ఆ బిలియర్డ్స్ సామాను కంపెనీ 1836లో మొదలైన మాట నిజమే. థర్‌స్టన్ అనే ఇంకో కంపెనీ అంతకన్నా పాతది, 1799 నాటిది. కానీ ప్లేటు ఎవరైనా బిగించుకోవచ్చు కదా! స్క్రూడ్రైవర్ అడిగాను. స్క్రూలన్నీ ప్లస్ గాడివే. ఆ రకం వాడకంలోకి వచ్చిందే 1930లలో. ఒక్కటి అలా ఉంటే రిపేరులో మార్చారనుకోవచ్చు, అన్నీ అవేనా? ప్లేటు ఊడదీస్తే దాని కింద చెక్క రంగు చుట్టూ ఉన్న రంగులాగే ఉంది. వందేళ్లు ప్లేటు కింద దాగిన చెక్కకు ఆ ఆకారంలో మచ్చ పడకుండా ఉంటుందా?

అసలు గుట్టు స్కోరు చూపడానికి జరిపే సూచీల దగ్గర ఉంది. ఒకట్ల వరసలో సూచీ ఆటంతా అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. వందల వరసలో ఎప్పుడో గాని కదలదు. కాబట్టి పాత బోర్డులో ఒకట్ల వరస నున్నగా అరిగి, వందల వరస కాస్త కొత్తగా కనబడాలి. ఇక్కడ రెండూ టీ డికాక్షన్ పూసినట్టు ఒకే రంగులో ఉన్నాయి.

ఇక ఆ షాపులోనే ఉన్న బంతులు. షాపతను లైటర్‌తో సూది కాల్చి ఎర్ర బంతికి గుచ్చబోయాడు. "దిగదు సార్, దంతం!" అంటున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ బంతి అయితే అంటుకుంటుంది. ఇప్పటి ఫినాలిక్ రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్ బంతి అయితే వేడికి కరగనే కరగదు, కాబట్టి సూది దిగకపోవడం దేనికీ రుజువు కాదు. బరువు చూసినా లాభం లేదు, దంతానికీ ఫినాలిక్‌కీ పెద్ద తేడా ఉండదు. దంతపు బంతికి ఎదురెదురుగా రెండు చోట్ల, టార్చి వేసి చూస్తే, ఒకదాన్నొకటి కోసుకునే సన్నని వంపు గీతలు కనబడతాయి. వాటిని ష్రేగర్ గీతలంటారు. పైగా దంతం ఏళ్లు గడిచేకొద్దీ అన్ని వైపులా సమానంగా కుంచించుకుపోదు, గుండ్రం తప్పుతుంది. మన ఎండలకు పగుళ్లు కూడా వస్తాయి. ఈ బంతులకు గీతల్లేవు, పగుళ్లు లేవు. ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపు నుంచి వెర్నియర్ కాలిపర్ తెప్పించి కొలిస్తే ఎటు తిప్పినా 57 మిల్లీమీటర్లే. ఇంగ్లిష్ బిలియర్డ్స్ బంతి 52.5 ఉంటుంది. 57 అమెరికన్ పూల్ అనే ఆట బంతి కొలత. జమీందారు గారి కథ అక్కడితో అయిపోయింది. మా బావ మాత్రం గోడకు బాగుంటుందని బోర్డును సగం ధరకు తెచ్చుకున్నాడు, అది వేరే విషయం.

మీరు చూసినవి నిజంగా దంతమే అయితే అసలు కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో సవరణలు వచ్చాక మన దేశంలో దంతం వ్యాపారం నేరం. దంతమని గట్టిగా ఒట్టేసి అమ్మేవాడు ఒకటి మోసగాడు, లేదా తన మీద తనే కేసు పెట్టించుకుంటున్నాడు.

నా బాధ ఇంకోటి ఉంది. బిలియర్డ్స్ బల్ల మీదే ఆడే స్నూకర్ పుట్టింది 1875లో మన జబల్‌పూర్‌లో. మన దేశపు ఆటగాడు విల్సన్ జోన్స్ 1958లో అమెచ్యూర్ బిలియర్డ్స్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అలాంటి ఆట గదులను కమిటీలు మారగానే ఖాళీ చేసి పేకాట బల్లలు వేసుకున్నారు. ఒక క్లబ్బులో క్యూ ఆనించుకునే, ఇత్తడి తలలున్న రెస్టులు పాత ఇనుము వాడికి కిలోల లెక్కన పోవడం కళ్లారా చూశాను. అసలు సరుకు కరిగిపోయాక మార్కెట్లో నకిలీలు తిరగక ఏం తిరుగుతాయి?

ఆ షాపులో క్యూలు కూడా ఉంటే బోర్డు కన్నా వాటినే చూడండి. పిడి దగ్గర నల్లచెక్క, తెల్లచెక్క కలిసే కొసలు సూదిగా ఉంటే మిషన్ అతుకు, గుండ్రంగా ఉంటే చేతిపని. బల్ల మీద దొర్లించి వంకర లేదని తేలితే, పేరు ప్లేటు లేకపోయినా బేరమాడండి. చేతిపని అయితే ఫొటో పెట్టండి, ఎంతకు అడగాలో చెబుతాను.