వెనక కట్టిన కారు టైరు పోతే నీకు తెలియదు తమ్ముడూ

సందేహం: అన్నా, మాది కావలి. డల్లాస్ వచ్చి రెండేళ్లు. ఈ వేసవికి అమ్మానాన్న వస్తున్నారు. నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు, మోకాళ్ల నొప్పులు. రోజుకో హోటల్ ఎక్కి దిగలేరని 30 అడుగుల పాత మోటార్‌హోమ్, అదే పడకా వంటగదీ అన్నీ లోపలే ఉండే బండి, కొన్నాం. వెనక మా చిన్న కారు కట్టుకుని గ్రాండ్ కాన్యన్ వెళ్లాలని. టైర్లలో గాలి ఎంతుందో చూపించే సెన్సర్లు పెట్టుకోమంటున్నారు. కారుకు కంపెనీవి ఉన్నాయిగా, మళ్లీ ఎందుకు? కొంటే ఏవి కొనాలి?

జవాబు: తమ్ముడూ, కారుకున్న సెన్సర్లు కారు డ్యాష్‌బోర్డుకే చెబుతాయి. మనిషి లేకుండా వెనక లాక్కుపోయే కారులో ఆ లైటు వెలిగినా చూసేదెవరు? పైగా చట్టం ప్రకారం ఆ లైటు, ఉండాల్సిన గాలిలో 25 శాతం తగ్గేసరికి వెలిగితే చాలు. 33 పీఎస్‌ఐ ఉండాల్సిన టైరు 25కు దిగేదాకా అది నోరు మెదపకపోవచ్చు. మోటార్‌హోమ్‌కైతే ఆ చట్టమే వర్తించదు. అది 10,000 పౌండ్ల లోపు బండ్లకే, నీ బండి అంతకు మించే ఉంటుంది.

మొదటి ట్రిప్పులో నేనూ నీలాగే అనుకున్నా. ఐ-40 మీద అమరిల్లో దాటాక ఒక ట్రక్కు డ్రైవర్ పక్కకొచ్చి ఒకటే హారన్. పలకరిస్తున్నాడనుకుని చెయ్యూపాను! అతను వెనక్కి వేలు చూపించాక ఆపి దిగితే, కారు వెనక టైరు పీలికలైపోయి రిమ్ము మీద నడుస్తోంది. బంపర్ మూల ఊడిపోయింది. స్టీరింగ్‌లో ఇంత అదురు కూడా లేదు. అంత పెద్ద బండి ముందు కారు బరువెంత?

మా నాన్న చీమకుర్తి గెలాక్సీ రాళ్లు చెన్నై పోర్టుకు తోలేవాడు. నాయుడుపేట దగ్గర టీకి ఆపితే క్లీనర్ రాడ్డుతో టైర్లన్నీ కొట్టుకుంటూ వచ్చేవాడు. గాలి ఉన్న టైరు ఠంగుమంటుంది, పోయింది దబ్బుమంటుంది. వెనక జోడు చక్రాల్లో లోపలి టైరు దిగిపోతే బయటిది బరువంతా మోస్తూ నిలబడే ఉంటుంది, కంటికి కనపడదు. మీ నాన్నగారిని అడుగు, చెబుతారు. సెన్సర్ చేసేదీ ఆ క్లీనర్ పనే, కాకపోతే బండి నడుస్తుండగా చేస్తుంది.

నీకు కావలసినవి పది: బండికి ఆరు, కారుకు నాలుగు. బ్రాండు సంగతి తర్వాత, ముందు రెండు చూసుకో. ఒకటి, ఒక్కో ఇరుసుకు వేర్వేరు గాలి పెట్టుకోనివ్వాలి. బండికి 80, కారుకు 33 అనుకో, రెంటికీ ఒకే హద్దు పెట్టే మానిటర్ పనికిరాదు. రెండోది సిగ్నల్. 30 అడుగుల బండి, కారును దానికి కట్టే టో బార్, ఆపైన కారు. చివరి చక్రం నుంచి డ్రైవర్ సీటు దాకా సిగ్నల్ రావాలంటే మధ్యలో సిగ్నల్‌ను పెంచి పంపే బూస్టర్ ఉండాలి. సెట్‌తో ఇచ్చేదే కొను, బండి వెనక భాగంలో కరెంటుకు కలుపు. వాపసు గడువు లోపలే కారు కట్టి ఓ యాభై మైళ్లు తిప్పి చూడు. తర్వాత కారు వెనక చక్రంలో కాస్త గాలి వదిలి ముందు అలారం మోగుతుందో లేదో విను. నేనీ పరీక్ష చెయ్యకుండా ఒక సెట్ కొని, నడిరోడ్డులో స్క్రీన్ మీద అంకెల బదులు గీతలు చూస్తూ కూర్చున్నా.

వాల్వ్‌కు బిగించేవి రెండు రకాలు. మూత లాంటి చిన్నవి తేలిక, కానీ గాలి కొట్టిన ప్రతిసారీ పదీ విప్పాలి. విప్పకుండా గాలి కొట్టుకునే ఫ్లో-త్రూ రకం బరువు, రబ్బరు వాల్వ్‌కు పెడితే అది అటూ ఇటూ ఊగి మొదలు దగ్గర చిట్లుతుంది. అవి కావాలంటే ముందు స్టీలు లేదా ఇత్తడి వాల్వ్‌లు వేయించు. లోపలి టైరుకు రబ్బరు గొట్టం ఎక్స్‌టెన్షన్ మాత్రం వద్దు, గాలి కారేది అక్కడే. కారుకు అల్యూమినియం వాల్వ్ ఉంటే ఇత్తడి మర ఉన్న సెన్సర్ దానికే పట్టేసి ఊడి రాకపోవచ్చు, అమ్మేవాణ్ణి అడిగి కొను. బ్యాటరీ మనమే మార్చుకునేలా ఉండాలి. చేత్తోనే బిగించి సబ్బునీళ్లు రాసి బుడగలొస్తాయేమో చూడు.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు, తలుపు దగ్గర స్టిక్కర్ చూసి పెట్టు. పది ఫారన్‌హీట్ డిగ్రీలకు సుమారు 2 శాతం తేడా వస్తుంది. అరిజోనా ఎండ మన రోహిణి కార్తెకు అన్నలాంటిది, మధ్యాహ్నానికి 80 కాస్తా 92 చూపించవచ్చు. భయపడి వదలొద్దు. కింది అలారం పొద్దున పెట్టిన గాలికి 10 శాతం తక్కువ దగ్గర, పైది 25 శాతం ఎక్కువ దగ్గర పెట్టుకో.

పాత బండి అన్నావు కాబట్టి ఒక మాట. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుసలో చివరి నాలుగంకెలు చూడు. 2317 అంటే 2017లో 23వ వారం. టైరు మీది గాడులు అరక్కుండా ఉన్నా ఏడేళ్లు దాటితే సెన్సర్ల కన్నా ముందు టైర్లు కొను. నీ కారు నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగొచ్చో లేదో దాని మాన్యువల్లో చూసే ఉంటావు, చూడకపోతే ఈ రాత్రికే చూడు.

మానిటర్ మాత్రం నాన్నగారు కూర్చునే వైపు పెట్టు.