బొద్దింకల స్ప్రే కొట్టిన రాత్రే పాపకు దగ్గు... ఏం చేయాలి?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. మేముండేది ఎండలు ఎక్కువ, వానలు తక్కువ ఉండే చోట. వేసవి మొదలైతే చాలు, వంటగదిలో చిన్న బొద్దింకలు, బాత్‌రూమ్‌లో పెద్దవి, కూలర్ దగ్గర దోమలు. పదిహేను రోజులకోసారి స్ప్రే కొడుతున్నాం. కొట్టిన రాత్రి పాప దగ్గుతో నిద్రపోదు, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. కొట్టకపోతే బొద్దింకలు, కొడితే దగ్గు. ఇల్లంతా ఒకేసారి మందు పిచికారీ చేయిస్తే పీడ పోతుందని అంటున్నారు. చేయించమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే చేయించకండి. పాపకు మళ్లీ మళ్లీ పిల్లికూతలు వస్తున్నాయంటే ఆస్తమా ఉందేమో ముందు తేల్చుకోవాలి. ఆ సంగతి తేలకుండా ఇల్లంతా మందు కొట్టిస్తే, ఈసారి ఒక్క రాత్రి దగ్గుతో ఆగకపోవచ్చు.

మీరు దగ్గుకు కారణం స్ప్రే ఒక్కటే అనుకుంటున్నట్టున్నారు. బొద్దింకలూ కారణమే కావచ్చు. వాటి లాలాజలం, మలం, వదిలేసిన పొట్టు ఎండి పొడిపొడిగా దుమ్ములో కలుస్తాయి. అందులోని ప్రొటీన్లు కొందరు పిల్లలకు సరిపడవు. బొద్దింకలన్నీ చచ్చిపోయాక కూడా ఆ పొడి నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. స్ప్రే సంగతికొస్తే, వీటిలో ఎక్కువగా వాడేది పైరెత్రాయిడ్ రకం మందులు. ఆ సన్నటి తుంపర, దాన్ని మోసే ద్రావకాలు కలిసి సున్నితమైన శ్వాసనాళాలను రేపుతాయి. వాసన రాని స్ప్రే అయితే ఫరవాలేదని చాలామంది నాతో అంటుంటారు. వాసన రానంత మాత్రాన ఊపిరితిత్తులకు తెలియకుండా పోదు. మీ పాపకు రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతోందన్నమాట.

ఇక మీ ఇంట్లోకి అవి ఎందుకు వస్తున్నాయో చూద్దాం. బయట నేల ఎండిపోయినప్పుడు పురుగూ పుట్రా వెతికేది తిండి కంటే ముందు నీళ్లని. వంటగదిలో కనిపించే చిన్న బొద్దింక తిండి లేకపోయినా నీళ్లుంటే కొన్ని వారాలు బతుకుతుంది. నీళ్లు లేకపోతే మాత్రం, ఎంత తిండి ఉన్నా రెండు వారాలు దాటడం దానికి కష్టం. అందుకే నేను మందు పేరు చెప్పేకంటే ముందు ఇంట్లో తడి ఎక్కడుందో అడుగుతాను. రాత్రి పడుకునే ముందు సింక్ పొడిగా తుడవండి. కింద పైపు జాయింటు దగ్గర చేయి పెట్టి చూడండి, చెమ్మ తగిలితే బాగు చేయించండి. ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే ట్రే ఒకటి ఉంటుంది. దాన్ని ఎప్పుడైనా చూశారా? మా ఇంట్లో నేను మొదటిసారి చూసినప్పుడు మూడేళ్ల చరిత్ర కనిపించింది. అక్కడ నీళ్లూ ఉంటాయి, మోటారు వేడీ ఉంటుంది. బొద్దింకకు అంతకంటే ఏం కావాలి! కుక్కకో పిల్లికో పెట్టిన నీళ్ల గిన్నె, కుండీల కింది పళ్లెం కూడా రాత్రిళ్లు ఖాళీగా ఉండాలి.

ఈ పొడి సూత్రం బాత్‌రూమ్‌కు మాత్రం తిరగబడుతుంది. పెద్ద బొద్దింకలు ఎక్కువగా డ్రైనేజీలోంచి వస్తాయి. నేల మీది జాలీ కింద వంపులో కొంచెం నీరు నిలిచి ఉంటుంది, వాటికి అదే అడ్డు. వాడని బాత్‌రూమ్‌లో ఎండాకాలం ఆ నీరు ఆవిరైపోతుంది, ఇక దారి తెరిచినట్టే. వారానికోసారి అందులో ఒక మగ్గు నీళ్లు పోసి, పైన సన్నటి జాలీ బిగించండి. పెద్దవాటికి చాలావరకు ఇదే వైద్యం.

చిన్నవి అంత తేలిగ్గా పోవు. ఆడది గుడ్ల సంచిని పొదిగే దాకా ఒంటికే అంటించుకుని తిరుగుతుంది. ఒక్కో సంచిలో 30 నుంచి 40 గుడ్లు. స్ప్రే ఆ సంచి లోపలికి సరిగ్గా వెళ్లదు. పైగా పైరెత్రాయిడ్లకు తట్టుకునే బొద్దింకలు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి. ఘాటు తగలగానే కొన్ని చస్తాయి, మిగిలినవి గోడ పగుళ్లలోకి, పక్క గదిలోకి చెల్లాచెదురవుతాయి. పదిహేను రోజులకు మళ్లీ మీ చేతికి స్ప్రే డబ్బా వస్తుంది. పాప దగ్గు మళ్లీ మొదలు.

దీనికి బదులు జెల్ వాడండి. ఇది తిని చచ్చే మందు కాబట్టి గాల్లోకి లేవదు. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్, ఇండాక్సాకార్బ్ లాంటివి ఉన్న జెల్స్ దొరుకుతాయి. కందిగింజ కంటే చిన్న చుక్కలుగా అల్మారా బందుల దగ్గర, సింక్ వెనక, ఫ్రిజ్ అడుగున, పాప చేయి అందని చోట పెట్టాలి. ఒకేచోట ముద్దగా పెట్టడం కంటే చాలాచోట్ల చిన్న చుక్కలు పెట్టడం మేలు. తిన్న బొద్దింక వెంటనే చావదు. గూటికి వెళ్లి చస్తుంది, దాని మలాన్ని, కళేబరాన్ని తిన్న మిగతావాటికీ మందు అందుతుంది. అందుకని రెండు మూడు రోజులకే పనిచేయలేదని విసుగెత్తి దాని మీద స్ప్రే కొట్టకండి. ఆ ఘాటుకు ఇక బొద్దింక ఆ చుక్క దగ్గరికే రాదు. దాదాపు అందరూ చేసే పొరపాటు ఇదే.

జెల్ పెట్టేముందు నాలుగైదు జిగురు అట్టలు తెచ్చి రాత్రిపూట వేర్వేరు మూలల్లో ఉంచండి. ఎక్కడ ఎక్కువ అంటుకుంటే అక్కడే వాటి కాపురం. నెల తర్వాత మళ్లీ పెట్టి లెక్క చూస్తే తగ్గాయో లేదో మీకే తెలుస్తుంది. తగ్గాక అల్మారాల వెనక, స్టవ్ కింద పేరుకున్న పొడిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ పని పాప స్కూల్లో ఉన్నప్పుడు పెట్టుకోండి.

కూలర్ విషయంలో రెండు మాటలు. డెంగీని మోసే దోమ ఎక్కువగా శుభ్రమైన నీరు నిలవ ఉన్న చోట గుడ్లు పెడుతుంది. వేడి వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి కూలర్ పూర్తిగా ఖాళీ చేయాలి. ఉత్తినే నీళ్లు ఒంపేస్తే సరిపోదు, నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి. లోపలి అంచులను బ్రష్‌తో గట్టిగా రుద్ది, ఆరనిచ్చి అప్పుడు నింపండి. డ్రమ్ములు, తొట్లకూ ఇదే పద్ధతి. రెండోది, కూలర్ వేసినప్పుడు ఎదురుగా కిటికీ తెరిచి ఉంచండి. పొడి వాతావరణంలో పరుపుల్లో ఉండే డస్ట్‌మైట్స్ (ఎలర్జీని రేపే, కంటికి కనిపించని పురుగులు) మామూలుగా తక్కువ. గదంతా మూసేసి కూలర్ వేస్తే తేమ పెరిగి వాటికి మనమే వసతి కల్పించినట్టవుతుంది. దోమల కాయిల్ మాత్రం ఈ ఇంట్లో వద్దే వద్దు. ఒక్క కాయిల్ కాలితే వెలువడే సన్నటి నుసి 75కు పైగా సిగరెట్లు కాల్చినప్పుడు వచ్చేదానితో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. పాపకు దోమతెర కట్టండి.

చీమల గురించి టెన్షన్ అక్కర్లేదు. సబ్బు నీళ్లతో వాటి బాట తుడిచేసి, వచ్చే రంధ్రం మూస్తే చాలు. చెదలు ఆరోగ్యానికి చేసే హాని పెద్దగా లేదు, దానికి వాడే మందుతోనే జాగ్రత్త. తేళ్లు తిరిగే ప్రాంతమైతే పాప బూట్లు దులిపి వేయండి, మంచం గోడకు కాస్త దూరంగా జరపండి. బొద్దింకలు తగ్గితే తేళ్లకు తిండి తగ్గుతుంది, అదొక లాభం. పిల్లలను తేలు కుట్టి చెమటలు, వాంతులు, చేతులు చల్లబడటం కనిపిస్తే కట్లు కట్టడం, కోయడం పెట్టుకోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి.

పిల్లలున్న ఇంట్లో ఉండకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. బొద్దింకల కోసం గీసే సుద్దను పిల్లలు మామూలు చాక్‌పీస్ అనుకుంటారు. నాఫ్తలీన్ ఉండలు చూడటానికి మిఠాయిలా ఉంటాయి. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్న పిల్లలు వాటిని మింగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కర్పూరం మింగితే మూర్ఛ రావచ్చు. అన్నిటికంటే భయంకరమైనది పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు. తిన్న బిడ్డ మొదటి ఒకటి రెండు రోజులు బాగానే కనిపించవచ్చు, ఆ తర్వాత కాలేయం చెడిపోతుంది. దానికి విరుగుడు మందు లేదు. ఇంట్లో ఉంటే ఈరోజే తీసేయండి. ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు కూడా మనుషులు పడుకునే ఇంట్లో అసలు ఉండకూడదు, వాటి గాలి పీల్చినా ప్రాణం పోతుంది.

పొరపాటున పాప ఏ మందైనా మింగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు తాగించకండి. బాగానే ఉంది కదా అని ఆగకుండా, ఆ డబ్బానో కవరునో చేత్తో పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో బాగా కడగాలి.

ఇక డాక్టర్ దగ్గరికి ఎప్పుడంటే, ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌ను కలవండి. వెళ్లేముందు ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి: దగ్గు ఏ రాత్రి వచ్చింది, ఆ రోజు స్ప్రే కొట్టారా, సెలవులకు వేరే ఇంట్లో ఉన్నప్పుడు తగ్గిందా, పరుగెత్తితే ఆయాసం వస్తోందా. ఏ పరీక్ష చేయాలో, చేయాలో వద్దో నిర్ణయించడానికి అది చాలా పనికొస్తుంది. బొద్దింక ఎలర్జీ ఉందో లేదో తెలుసుకోవడానికి చర్మ పరీక్ష, రక్త పరీక్ష ఉన్నాయి. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని భయపడి మానేయకండి, అది అలవాటయ్యే మందు కాదు. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఇస్తే ఏడేళ్ల పిల్లలు చక్కగా పీలుస్తారు. మాట్లాడలేనంత ఆయాసం, పెదవులు నీలం రంగుకు తిరగడం, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోవడం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఇవన్నీ చేశాక కూడా నిపుణులతో మందు పెట్టించాల్సి వస్తే, ముందే మందు పేరు రాసిమ్మని అడగండి. జెల్ పెడతారా, పిచికారీ చేస్తారా అని కూడా అడగండి. పిచికారీయే అంటే, పాపను ఆ రోజు బంధువుల ఇంటికి పంపి, నేల పూర్తిగా ఆరి, కిటికీలన్నీ తెరిచి గాలి ఆడనిచ్చాకే తిరిగి తీసుకురండి. ఇన్‌హేలర్ పాప వెంటే పంపండి.