కావలసినవి రాసి పెడితే అడుక్కున్నట్టా?

ప్రశ్న: మూడు నెలల్లో మా పెళ్లి. ఇద్దరం ఉద్యోగాల కోసం ఎవరి ఇల్లు వాళ్లం పెట్టుకుని ఉంటున్నాం కాబట్టి మిక్సీ, గిన్నెలు, దుప్పట్లు అన్నీ ఇప్పటికే రెండేసి ఉన్నాయి. అందుకని ఆన్‌లైన్‌లో గిఫ్ట్ రిజిస్ట్రీ, అంటే అతిథులు చూసి కొనేలా కానుకల జాబితా పెట్టి, నిజంగా కావలసినవే రాద్దామనుకున్నాం. ఆ మాట వినగానే అమ్మ 'పిలిచి మరీ అడుక్కుంటారా, నా పరువేం కాను' అంది. రెండు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. నాకు కాబోయే భర్తేమో 'వస్తువులెందుకు, డబ్బే ఇమ్మందాం' అంటున్నాడు. మధ్యలో నాకు టెన్షన్. మేం చేస్తున్నది తప్పా?

జవాబు: తప్పేం లేదు. అలాగని అమ్మగారి మాటను చాదస్తమని కొట్టిపారేయకండి. శుభలేఖ తెరవగానే ముహూర్తం కింద రిజిస్ట్రీ లింకు కనిపిస్తే నాకూ మనసు చివుక్కుమంటుంది. అదే, 'నీకేం కావాలో చెప్పు' అని నేనే అడిగాక మీరు లింకు పంపారనుకోండి, హమ్మయ్య అనుకుంటాను. జాబితా అదే. ముందు ఎవరు నోరు తెరిచారన్నదే తేడా.

ఈ పద్ధతి నిన్న మొన్నటిదీ కాదు. దీన్ని 1924లో షికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్ మొదలుపెట్టిందని చెబుతారు. పెళ్లికూతురు తనకు నచ్చిన పింగాణీ, వెండి సామాన్లేవో చెబితే దుకాణం వాళ్లు రాసి పెట్టుకునేవారు, కొనడానికి వచ్చినవాళ్లు దాన్ని చూసి ఎంచుకునేవారు. ఇప్పుడు ఆ పుస్తకం ఫోన్లోకి వచ్చింది. ఒకరు కొన్న వస్తువు పక్కన 'కొనేశారు' అని పడుతుంది కాబట్టి అదే వస్తువు ఇంకొకరు కొనరు. అమ్మగారికి ఈ ఒక్కటి చూపించండి. కానుకలు వృథా కావడం ఏ అమ్మకీ నచ్చదు.

కాబట్టి శుభలేఖలో లింకు వేయొద్దు. అడిగినవాళ్లకే పంపండి. బంధువుల్లో చాలామంది అడిగేది మీ అమ్మగారినే కాబట్టి, ఎవరికి పంపాలో, ఎవరికి ఆ ఊసే ఎత్తకూడదో ఆవిడనే తేల్చమనండి. ఆ లెక్క ఆవిడకు తెలిసినంతగా మీకు తెలియదు.

డబ్బు సంగతి. ఉట్టినే 'డబ్బివ్వండి' అంటే ఇచ్చేవాళ్లకు ఇబ్బంది, ఎంతిచ్చారో అంకెతో సహా తెలిసిపోతుంది. 'కొత్త ఇంటికి సోఫా' అని పేరు పెట్టి, నలుగురూ కలిసి తలా కొంత వేసుకునే వీలు చాలా రిజిస్ట్రీల్లో ఉంది. మీ ఇద్దరి మాటా నిలబడుతుంది. అలా పంపిన సొమ్ములో కొన్ని సైట్లు ఫీజు పట్టుకుంటాయి, అది ముందే చూసుకోండి.

జాబితాలో చిన్న వస్తువులే ఎక్కువ ఉండాలి. చదువుకునే పిల్లలు, పింఛను మీద బతికేవాళ్లు, అప్పటికే ప్రయాణానికి బోలెడు ఖర్చు పెట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లు తెరిచేసరికి ఖరీదైనవి నాలుగే మిగిలి ఉంటే, అది జాబితాలా కనిపించదు, బిల్లులా కనిపిస్తుంది. వారానికోసారి చూసి, చిన్నవి అయిపోతే మళ్లీ చేర్చండి. ఇంకో సంగతి, కొన్ని సైట్లలో మీ పేరు కొట్టి ఎవరైనా వెతికితే జాబితా దొరుకుతుంది. సెట్టింగ్స్‌లో అది ఆపేసుకోండి. నచ్చనిది మార్చుకునే గడువు కొన్నిచోట్ల కొన్న రోజు నుంచే మొదలవుతుంది. పెళ్లయ్యాక తీరిగ్గా విప్పుదామనుకుంటే అప్పటికి దాటిపోవచ్చు.

ఎంత రాసినా జాబితాలో లేనివి వస్తాయి. మా పెళ్లికి వచ్చిన గోడ గడియారాల్లో ఒకటి ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, బ్యాటరీ కూడా వేయలేదు. ఇచ్చినావిడ మాత్రం ఏటా పెళ్లిరోజుకు అందరికంటే ముందు ఫోన్ చేస్తుంది. 'లిస్టు చూడలేదా' అన్న మాట మీ ఇద్దరి నోటా పొరపాటున కూడా రాకూడదు. అసలేమీ తేనివాళ్ల దగ్గర కూడా అంతే. సైట్‌లో కొన్నవాళ్ల పేర్లు అక్కడే ఉంటాయి. చేతికిచ్చినవాళ్లవి ఏ రోజుకారోజు రాసుకుంటే థాంక్స్ చెప్పేటప్పుడు తికమక ఉండదు.

చివరగా, మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటి అడుగుతాను. కూతురి ఇంటికి ఏవేం కొనాలో మీ అమ్మగారు ఎప్పటినుంచో మనసులో అనుకుంటూ ఉండి ఉంటారు. వాటిని ఎవరెవరో కొనేలా మీరు ఓ జాబితాలో రాసేశారు. ఆ రెండు రోజుల మౌనం పరువు గురించేనని నాకైతే అనిపించడం లేదు. ఇవాళ రాత్రి పక్కన కూర్చుని, ఫోన్ ఆవిడ చేతికిచ్చి, 'ఇందులో నువ్వు కొందామనుకున్నవి ఏవమ్మా' అని అడగండి. ఆవిడ చూపించినవన్నీ జాబితాలోంచి తీసేయండి.