జిక్ర్, పీరు, ఉరుసు: సూఫీ మార్గంపై మీ ప్రశ్నలు

సూఫీలది ఇస్లాం కాదు, వేరే దారి, వాళ్లకు నమాజు కూడా అక్కర్లేదు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

నిజం కాదు. అరబ్బీలో సూఫీ మార్గం పేరు ‘తసవ్వుఫ్’. ‘సూఫ్’ అంటే ఉన్ని. తొలినాళ్ల విరాగులు ముతక ఉన్ని బట్ట కట్టుకోవడం వల్ల ఈ పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. ఐదు పూటల నమాజు, రోజా, జకాత్ ఏ ముసల్మానుకైనా ఎలాగో సూఫీకీ అలాగే. పైన చేసే ఆ పనుల్లో మనసును శుద్ధి చేసుకోవడం ఈ విద్య సంగతి. 910లో కన్నుమూసిన బాగ్దాద్ గురువు జునైద్ ఈ దారిని ఖురాన్‌కూ ప్రవక్త ఆచరణకూ కట్టేసే నడిపారు. ఇస్లాం పండితుడు గజాలీ 1095లో బాగ్దాద్ నిజామియా మదరసాలో కొలువు వదిలి ఈ దారి పట్టారు. ఆయన రాసిన ‘ఇహ్యా’ గ్రంథంలో 40 భాగాలుంటే, మూడోది శుచి గురించి, నాలుగోది నమాజు గురించి. ఓర్పు, దైవం మీద భారం వేయడం, దైవప్రేమ చివరి పదింటిలో వస్తాయి. ఆ వరుసలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది.

ఒక వీడియో చూసి రోజూ రాత్రి ఊపిరి బిగబట్టి వెయ్యిసార్లు ‘లా ఇలాహ ఇల్లల్లాహ్’ జిక్ర్ (దైవనామ స్మరణ) చేస్తున్నాను. తలనొప్పి వస్తోంది, నిద్ర పట్టడం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

ముందు ఊపిరి బిగబట్టడం మానేయండి. ఈ రోజే మానేయండి. తలనొప్పి, నిద్రలేమి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి. దాన్ని దైవపరీక్ష అనుకుని ఓర్చుకోవద్దు.

మీరు చూసింది సూఫీల్లో ఒక శాఖ అయిన నఖ్ష్‌బందీల ‘నఫీ–ఇస్‌బాత్’లా ఉంది. నఫీ అంటే కాదనడం, ఇస్‌బాత్ అంటే అవుననడం. ఆ పద్ధతిలో నాలుక కదలదు. ఊపిరి ఆపి, ‘లా’ను బొడ్డు దగ్గర నుంచి తలదాకా తీసుకెళ్లినట్టు, ‘ఇలాహ’ను కుడి భుజం మీదికి దించినట్టు, ‘ఇల్లల్లాహ్’ను ఎడమన గుండె మీద కొట్టినట్టు మనసులోనే భావిస్తారు. ఒక ఊపిరిలో మూడు, ఐదు, ఏడు... ఇలా బేసి సంఖ్యలోనే ఆపాలి. నెమ్మదిగా పెంచుకుంటూ 21 దాకా వెళతారు. మూడు నుంచి ఐదుకు ఎప్పుడు వెళ్లాలో ఎదురుగా కూర్చున్న గురువు చెబుతారు. వీడియోలో లేనిది సరిగ్గా అదే. వెయ్యి అన్న లెక్క గొంతుతో చేసే జపంలోది. దాన్ని తెచ్చి ఊపిరి బిగింపుకు అతికిస్తే ఒళ్లు తిరగబడుతుంది. గుండెజబ్బు, ఉబ్బసం, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికే పోకూడదు.

గొంతెత్తి చేసేదాన్ని ‘జిక్రె జలీ’ అంటారు, లోలోపల చేసేది ‘ఖఫీ’. చిష్తీ సాబిరీ శాఖలో ‘బారా తస్బీహ్’ అనే పద్ధతి ఉంది. అందులో ‘లా ఇలాహ ఇల్లల్లాహ్’ 200, ‘ఇల్లల్లాహ్’ 400, ‘అల్లాహు అల్లాహ్’ 600. ఇవి పన్నెండు వందలు కాబట్టి ‘బారా’ అన్నారు. చివర ‘అల్లాహ్’ ఇంకో 100 చేస్తారు, పేరు మాత్రం పన్నెండు దగ్గరే ఉండిపోయింది. ఇది కూడా గురువు ఇచ్చాకే.

గురువు లేకుండా చేయగలిగింది మీకు ముందే తెలుసు. ప్రతి నమాజు తర్వాత సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34. దీన్ని మూడు నెలలు ఒక్కపూట కూడా తప్పకుండా చేయడం వెయ్యి జపాలకన్నా కష్టం. అక్కడ మొదలుపెట్టండి.

తెలుగు నోటికి వచ్చే పొరపాటు ఒకటి ఉంది. వేగంలో ‘లా’ దీర్ఘం పోయి ‘ల’ అవుతుంది. అరబ్బీలో ‘లా’ అంటే లేదు, పొట్టి ‘ల’ అంటే ‘తప్పకుండా’! అర్థం తలకిందులవుతుంది. ‘లా ఇలాహ’ దగ్గర ఊపిరి అయిపోయి ఆగడమూ తప్పే. అక్కడ ఆగితే ‘దేవుడు లేడు’ అన్నంతవరకే పలికినట్టు, ‘అల్లాహ్ తప్ప’ అన్నది మిగిలిపోతుంది. ఒక్క ఊపిరిలో మొత్తం పూర్తయ్యే వేగమే మీ వేగం.

మా ఊళ్లో పీర్లను ఎత్తుతాం. సూఫీ గురువునూ పీరు అంటారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, జనగామ

మాట ఒకటే, వస్తువులు వేరు. ‘పీర్’ అంటే పారశీకంలో పెద్దవాడు, ముసలివాడు. సూఫీలు గురువును అలా పిలుస్తారు. మొహర్రంలో మీరు పీర్ల చావిడిలో నిలబెట్టేవి ‘ఆలం’లు, అంటే జెండా చిహ్నాలు. 680లో కర్బలాలో అమరుడైన ఇమామ్ హుసేన్, ఆయన వెంట ఉన్నవాళ్ల గుర్తుగా వాటిని ఎత్తుతారు. ఆ పెద్దల పేరే తెలుగు పల్లెల్లో ఆ చిహ్నాలకూ వచ్చేసింది.

మురీదుగా (శిష్యుడిగా) చేరాలనుంది. అసలు పీరును ఎలా పోల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, కడప

‘షజ్రా’ చూపించమని అడగండి. అది గురుపరంపర పట్టిక. ఆయన నుంచి ఒక్కొక్క గురువునూ దాటుతూ ప్రవక్తదాకా వెళుతుంది. అడగడం అమర్యాద కాదు. మురీదయ్యాక మీ చేతికే ఇవ్వాల్సిన కాగితం అది.

రెండోది ‘ఖిలాఫత్’. బైఅత్, అంటే గురువుకు మాటివ్వడం, చేసినవాళ్లంతా మురీదులే. ఇతరుల చేత బైఅత్ చేయించే అనుమతే ఖిలాఫత్, అది కొద్దిమందికే దక్కుతుంది. పీరు కొడుకైనంత మాత్రాన అది రాదు. దర్గా చూసుకునే సజ్జాదానషీన్ పదవి వంశంలో నడవచ్చు, ఖిలాఫత్ మాత్రం ఒక గురువు చేతుల మీదుగా రావాలి. చాలామంది మోసపోయేది ఇక్కడే.

మూడోది నడవడి. తాను నమాజు దాటేశానని చెప్పేవాడు, తాయెత్తుకూ బైఅత్‌కూ రేటు కట్టేవాడు, ఆడవాళ్లను ఒంటరిగా రమ్మనేవాడు పీరు కాడు. ఆడవాళ్లచేత బైఅత్ మాటతోనో, బట్ట కొంగు పట్టించో చేయిస్తారు, చేయి పట్టుకోరు. ఇది పాత కట్టుబాటు. దీన్ని ‘మా పద్ధతి వేరమ్మా’ అని సడలించేవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. తొందరేమీ లేదు. చేరేముందు నెలల తరబడి గమనించినా తప్పులేదు.

ఖవ్వాలీ సూఫీలందరికీ ఇష్టమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

లేదు. నఖ్ష్‌బందీలు సాధారణంగా దూరంగా ఉంటారు. చిష్తీలు వింటారు, అయితే షరతులతో. 1325లో కన్నుమూసిన ఢిల్లీ నిజాముద్దీన్ ఔలియా నాలుగు చూడమన్నారు: పాడేవాడు, వినేవాడు, పాట, వాద్యం. వినేవాడి మనసు దైవం మీద ఉండాలి, పాటలో అశ్లీలం ఉండకూడదు, వాద్యాలు వద్దు అన్నారు. ఈనాటి హార్మోనియం, తబలా ఆ సభలో ఉండేవి కావు.

ఉరుసు తేదీ ఏటా ఎందుకు మారుతుంది? పోయినసారి ఒకరోజు ఆలస్యంగా వెళ్లి గంధం చూడలేకపోయాం.
– ఒక పాఠకురాలు, జహీరాబాద్

‘ఉర్స్’ అంటే పెళ్లి. వలీ, అంటే సూఫీ మహనీయుడు, కన్నుమూసిన రోజు ఆయన దైవంతో కలిసిన రోజని ఆ పేరు పెట్టారు. గుల్బర్గా సూఫీ గురువు బందే నవాజ్ 1422 నవంబరు 1న, అంటే హిజ్రీ 825 జిల్‌ఖాద్ 16న కన్నుమూశారు. ఉరుసుకు లెక్క నవంబరు కాదు, హిజ్రీ నెల జిల్‌ఖాద్. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు. మన పంచాంగంలోలా అధికమాసం కలపరు కాబట్టి తేదీ ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది. 33 ఏళ్లలో అన్ని రుతువులూ చుట్టి వస్తుంది.

మీరు ఆలస్యమైంది రెండు కారణాల్లో ఒకదానివల్ల అయి ఉండాలి. ఇస్లాం తేదీ సూర్యాస్తమయంతో మొదలవుతుంది. 16వ తేదీ రాత్రి అంటే మన లెక్కలో ముందురోజు రాత్రి. పైగా చాలా దర్గాల్లో గంధం ఉరుసుకు ముందురోజే ఊరేగుతుంది. గుల్బర్గాలో గంధం 15న, ఉరుసు 16న. ఈసారి నెలవంక కనిపించిన సాయంత్రమే దర్గాకు ఫోన్ చేసి, ‘గంధం ఏ తేదీ’ అని కాకుండా ‘గంధం ఏ వారం, ఏ సాయంత్రం’ అని అడగండి. నెలవంక ఖాయం కాకముందు బస్సు టికెట్ తీసుకుంటే ఒకరోజు ముందుకే తీసుకోండి.